కక్కితే పోతుందా?

(బి.ఎస్సి. తుది సంవత్సరం, జీవశాస్త్ర విభాగం)

కప్పకూ మన తెలుగు పల్లెకూ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. వానలు ముఖం చాటేస్తే రోకలికి వేపమండలు చుట్టి, మధ్యలో ఒక కప్పను కట్టి, కప్పతల్లి పేరుతో ఊరంతా తిప్పుతారు. గడప గడపకూ ఆడవాళ్ళు దానిమీద బిందెడు నీళ్ళు పోస్తారు. లోకం తెలియనివాణ్ణి నూతిలో కప్ప అంటాం. ఒక మాట మీద నిలవని జట్టును కప్పల తక్కెడ అంటాం. రాత్రిపూట మడికి నీళ్ళు కట్టే రైతుకు టార్చిలైటు తర్వాత తోడు ఎవరయ్యా అంటే ఆ బెకబెకలే.

ఇంత చుట్టరికం ఉన్నా, కప్పను మందుగా వాడుకోవటం మా ఊళ్ళో నేనెరగను. భూగోళానికి ఆవలి పక్కన, దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవుల్లో, అలా వాడుకునే మనుషులున్నారు. ఒక చెట్టుకప్ప ఒంటిమీది జిగురును గీకి, ఆరబెట్టి, కాల్చిన చర్మం మీద అద్దుకొని, కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేదాకా కక్కుతారు. దాన్ని కాంబో అంటారు. ఎక్కడి అమెజాను, ఎక్కడి పల్నాడు! మన కాలేజీ సంచికలో దాని ఊసు ఎందుకని మిత్రులు అడగవచ్చు. ఆ కక్కుడుకూ, మూడేళ్ళ కిందట మా ఇంట్లో జరిగిన ఒక కక్కుడుకూ దగ్గరి సంబంధం ఉంది. అది చెప్పటానికే ఈ వ్యాసం. ముందు కప్ప సంగతి చూద్దాం.

దాని శాస్త్రీయ నామం ఫిల్లోమెడూసా బైకలర్. వీపు నిగనిగలాడే ఆకుపచ్చ, పొట్ట లేత రంగు. రెండు రంగులు గనుకనే బైకలర్. వేళ్ళతో కొమ్మను గట్టిగా పట్టుకొని, గెంతకుండా ఒక్కో అడుగే వేసుకుంటూ కోతిలా నడుస్తుంది. అందుకే దాన్ని కోతికప్ప అన్నారు. ఆడది సుమారు 12 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. గుడ్లు నీళ్ళలో పెట్టదు. నీటిపైకి వంగిన ఆకును దొన్నెలా మడిచి అందులో పెడుతుంది. గుడ్లు పగిలాక తోకకప్పలు జారి కింద నీళ్ళలో పడతాయి.

ఇంత నిదానంగా నడిచే జీవి పాములూ పక్షులూ నిండిన ఆ అడవిలో ఎలా బతికి బట్టకట్టింది? దాని చర్మమే దాని ఆయుధం. చర్మంలోని గ్రంథుల్లో ఊరే జిగురు నోట పడితే, మింగబోయిన జంతువుకు కడుపు తిప్పుతుంది. అంటే ఎదుటివాడి చేత కక్కించటం ఆ కప్పకు ప్రాణరక్షణ. ఎవరి రోగమో కుదర్చటానికి అది తయారు చేసుకున్న మందు కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తక్కినదంతా సులువుగా బోధపడుతుంది.

పెరూ, బ్రెజిల్ దేశాల సరిహద్దున యవరి నది ప్రాంతంలో మాత్సెస్ అనే తెగ ఉంది. బ్రెజిల్ పశ్చిమ కొసన ఉన్న ఆక్రె రాష్ట్రంలో కటుకినా, కషినావా మొదలైన తెగలున్నాయి. వీళ్ళందరికీ ఈ కప్ప జిగురు తరతరాల నుంచీ తెలుసు. టాస్టెవాన్ అనే ఫ్రెంచి మతగురువు జురువా నది ఎగువన ఈ ఆచారాన్ని చూసి 1925లోనే రాశాడు. 1980లలో పీటర్ గోర్మన్ అనే అమెరికన్ పత్రికా రచయిత మాత్సెస్‌ల దగ్గరికి పోయి, తన ఒంటిమీదే వేయించుకొని, ఆ అనుభవం రాశాక బయటి ప్రపంచానికి దీని మీద చూపు పడింది.

పద్ధతి ఇది. రాత్రివేళ కూతను బట్టి కప్ప ఉన్న చెట్టును పోల్చుకుంటారు. మెల్లగా కిందికి దించుతారు. నాలుగు పుల్లలు నేలలో పాతి, కప్ప కాళ్ళూ చేతులూ నారతో వాటికి కట్టి చాపుతారు. అప్పుడది బెదిరి జిగురు వదులుతుంది. దాన్ని వెదురు బద్దతో గీకి పుల్లకు పట్టించి ఆరబెడతారు. కప్పను చంపరు, మళ్ళీ అడవిలోకి వదిలేస్తారు. ఆరిన జిగురు పుల్లమీద నెలల తరబడి నిలవుంటుంది. కావలసినప్పుడు నిప్పంటిన తీగముక్కతో చేతిమీదనో, రొమ్ముమీదనో, కాలిమీదనో చిన్న చిన్న వాతలు పెట్టి, పైపొరను తీసేసి, తడిపిన జిగురును ఆ చుక్కల మీద అద్దుతారు. చాలాచోట్ల అంతకు ముందే కడుపు నిండా నీళ్ళో, కర్రపెండలంతో కాచిన గంజిలాంటి పానీయమో తాగిస్తారు.

తర్వాత నిమిషాల్లోనే ఒళ్ళంతా సెగ కమ్ముతుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది. ముఖం, పెదవులు వాస్తాయి. రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఆపైన వాంతులు, కొందరికి విరేచనాలు. అరగంట అటూ ఇటూగా ఈ ఉధృతం నడిచి, మనిషి తోటకూర కాడలా వాలిపోతాడు. నిద్రపోయి లేచాక ఒళ్ళు తేలికగా ఉంటుందనీ, చూపూ వినికిడీ చురుకవుతాయనీ, ఆకలిదప్పులు లేకుండా వేటలో తిరగగలుగుతామనీ వాళ్ళు చెబుతారు. వేటకు పోయినవాడికి జంతువు దొరక్కపోతే, ఒళ్ళు బద్ధకంగా ఉంటే, దాన్ని 'పనేమ' అంటారు. మన భాషలో చెప్పాలంటే శని పట్టటం లాంటిది. ఆ శని వదలటానికి ఈ జిగురు.

ఇక నేను చదువుకుంటున్న సైన్సు ఈ జిగురును గురించి ఏమంటోంది? విట్టోరియో ఎర్‌స్పామర్ అని ఇటలీలో ఒక మహానుభావుడు ఉండేవాడు. 1909లో పుట్టి 1999లో పోయాడు. సెరటోనిన్‌ను మొదట కనిపెట్టినవారిలో ఆయనొకడు. జీవితంలో పెద్ద భాగం కప్పల చర్మాలను పరిశోధించటానికే వెచ్చించాడు. ఆయనా, ఆయన సహచరులూ 1960ల నుంచి ఈ జాతి కప్పల చర్మంలో ఒకదాని తర్వాత ఒకటిగా ఎన్నో పెప్టైడులను పట్టుకున్నారు. పెప్టైడు అంటే మరేం లేదు, కొద్దిపాటి ఎమినో ఆమ్లాలు గొలుసుకట్టుగా చేరిన చిన్న ప్రోటీను తునక. వాటిలో ఫిల్లోకైనిన్, ఫిల్లోమెడ్యూసిన్ రక్తనాళాలను వెడల్పు చేసి రక్తపోటును దించుతాయి. డెల్టార్ఫిన్ వంటివి నల్లమందు జాతి పదార్థాల్లా పనిచేస్తాయి. ఇదే కుటుంబపు మరో కప్పలో 1981లో దొరికిన డెర్మార్ఫిన్ మరీ చిత్రం. జంతువుల ప్రోటీనులన్నీ ఎడమచేతి వాటపు ఎమినో ఆమ్లాలతోనే కట్టి ఉంటాయని మనం క్లాసులో చదువుకుంటాం కదా, ఇందులో రెండో స్థానంలో కుడిచేతి వాటపు ఎలనిన్ కూర్చుంది! నొప్పి తెలియకుండా చెయ్యటంలో ఇది మార్ఫిన్‌ను ఎన్నో రెట్లు మించింది. 2012లో అమెరికాలో కొందరు దీన్ని పందెపు గుర్రాలకు ఎక్కించి దొరికిపోయారు.

మన విషయానికి ముఖ్యమైనది ఫిల్లోసెరులీన్. మనం తిన్న కొవ్వు చిన్నపేగులోకి రాగానే మన శరీరమే ఒక హార్మోనును వదులుతుంది. దాని పేరు కోలిసిస్టోకైనిన్. అది పిత్తాశయాన్ని పిండి పైత్యరసాన్ని పేగులోకి పంపుతుంది. ఈ కప్ప పెప్టైడు అచ్చం ఆ హార్మోను వేషం కట్టుకొస్తుంది. పిత్తాశయం బిగుసుకుంటుంది, పేగులు మెలితిరుగుతాయి, పైత్యరసం పైకి తన్నుకొస్తుంది. కక్కినవాడి ముందున్న బకెట్టులో పచ్చగా, పసుప్పచ్చగా కనబడేది అదే. కాంబో వేసేవాళ్ళు దాన్ని చూపించి, "చూశావా, ఇన్నాళ్ళూ నీ ఒంట్లో పేరుకున్న విషం ఇదే" అంటారు. అది విషమూ కాదు, పేరుకున్నదీ కాదు. రేపు పొద్దున తినే అన్నం అరగటానికి నీ కాలేయం నీకోసం తయారు చేసిపెట్టిన సరుకు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా నాయనమ్మ మాట చెవిలో మోగింది. "పసరు కక్కాడు, ఇక ఫర్వాలేదు!" మా ఇళ్ళలో ఈ మాట వినని పిల్లవాడు ఉండడు. జ్వరంలో పచ్చగా కక్కితే పైత్యం పోయిందని సంతోషం. నెలకో రెణ్ణెల్లకో ఓ ఆదివారంనాడు పరగడుపున ఆముదం తాగించటం, ఆ పూటంతా దొడ్డికీ ఇంటికీ తిరగటం, మధ్యాహ్నం మిరియాల చారూ అన్నం పెట్టటం, ఇదంతా మా నాన్న తరంలో పండగలాగే జరిగేదట. నా చిన్నతనంలో నాకూ రెండు మూడు సార్లు జరిగింది. ఆముదంలోని రిసినోలియిక్ ఆమ్లం పేగు కండరాలను రెచ్చగొట్టి కదిలిస్తుంది. మలబద్ధకానికి అది పనికొచ్చే మాట నిజమే. కానీ ఒంట్లోని చెడంతా ఊడ్చుకుపోతుందన్నది నమ్మకం. రక్తంలోకి చేరిన చెడును రాత్రింబగళ్ళు చడీచప్పుడు లేకుండా తీసేవి కాలేయం, మూత్రపిండాలు. వాటి పని మన కంటికి కనబడదు. కక్కుడు కనబడుతుంది. కనబడేదాన్నే నమ్మటం మనిషి స్వభావం.

వాతలూ మనకు కొత్త కాదు. కామెర్లు వచ్చినవాడి చేతిమీద కాల్చి వాత పెట్టే ఊళ్ళు మన జిల్లాల్లో ఉన్నాయి. ఎవరో మందు పెట్టారని అనుమానం వస్తే, దాన్ని కక్కించేవాడి దగ్గరికి తీసుకుపోవటమూ ఉంది. ఒక్కసారి మన 'మందు' అనే మాటను చూడండి. రోగానికి వేసుకునేది మందు. చేలో పురుగును చంపేది మందు. సారాయీ మందే. శత్రువు అన్నంలో కలిపి పెట్టాడని భయపడేదీ మందే. బతికించేదానికీ చంపేదానికీ ఒకే పేరు పెట్టుకున్నాం. ఈ నాలుగింటికీ మనకు తెలిసిన విరుగుడు కూడా ఒకటే. కక్కించు, పోతుంది!

మా బాబాయి విషయంలో జరిగింది అదే. మూడేళ్ళ కిందట మిరపతోటకు పురుగుమందు కొడుతున్నాడు. వీపున వేసుకున్న డబ్బా మూత దగ్గర కారుతోంది. ఎదురుగాలి. తలకు తువ్వాలు తప్ప ఒంటిమీద ఉన్నది ఒక పాత చొక్కా. మధ్యాహ్నానికి చొక్కా వీపంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చెమటో మందో తెలియదు. గట్టుమీద కూర్చొని తల తిరుగుతోందన్నాడు. ఇంటికి తీసుకొచ్చేలోపలే రెండుసార్లు కక్కాడు.

"కక్కేశాడుగా! ఇంకేం భయంలేదు. మజ్జిగ తాపి పడుకోబెట్టండి" అన్నారు చుట్టుపక్కలవాళ్ళు. ఇంకెవరో, "లోపల ఇంకా ఉండే ఉంటది, పూర్తిగా కక్కిస్తే సరి" అని ఉప్పునీళ్ళు కలిపి తెచ్చారు. ఒకళ్ళు తల పట్టుకున్నారు, ఒకళ్ళు లోటా పట్టుకున్నారు. బాబాయి కక్కిన ప్రతిసారీ వాకిట్లో జనానికి ఊరట. పచ్చగా పసరు వచ్చేసరికి మా నాయనమ్మ దేవుడికి దణ్ణం పెట్టింది. పిన్ని మాత్రం ఏడుస్తూ, "కక్కేకొద్దీ తేరుకోవాలిగాని, ఇట్టా మగతగా అయిపోతాడేందత్తా?" అంటూనే ఉంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. మిరపయార్డుకు పోయిన మా నాన్న తిరిగొచ్చేసరికి రెండు గంటలు గడిచాయి. ఆయన తమ్ముడి నోటి వెంట కారుతున్న చొంగను, ఒంటిమీద ఏరులైపోతున్న చెమటను ఒక్క చూపు చూసి, ఇంకో మాట లేకుండా ఆటో పిలిపించాడు.

ఆసుపత్రిలో డాక్టరుగారు కళ్ళలో లైటు వేసి చూశారు. కంటిపాప ఆవగింజంత అయిపోయింది. మొదట ఆయన చేయించిన పని సూదిమందు కాదు. చొక్కా విప్పించి, ఒళ్ళంతా సబ్బుతో కడిగించటం. ఆ వెంటనే ఎట్రోపిన్ మొదలుపెట్టారు. మా నాన్న, "అయ్యా, మధ్యాహ్నం నుంచీ పది మాట్లు కక్కాడండి. అయినా తగ్గలేదు" అన్నాడు. దానికి డాక్టరుగారు చెప్పిన జవాబు నేనింతవరకూ మరవలేదు. "కక్కింది పొట్టలోని అన్నం. మందు పోయింది వీపులోంచి. పొట్టలోకి పోనిదాన్ని ఎంత కక్కితే మాత్రం వస్తుందయ్యా?"

అప్పుడు నేను ఇంటర్మీడియెట్ చదువుతున్నాను. ఆ జవాబులోని శాస్త్రం డిగ్రీలో అడుగుపెట్టాక పూర్తిగా అర్థమయింది. నరానికీ కండరానికీ నడుమ కబురు మోసేది ఎసిటైల్ కోలిన్. కబురు అందగానే దాన్ని విరిచి పక్కన పడేసే ఎంజైము ఒకటి ఉంటుంది. ఆర్గానోఫాస్ఫరస్ జాతి పురుగుమందు ఆ ఎంజైము చేతులు కట్టేస్తుంది. ఇక కబురు ఆగదు. చొంగ, చెమట, కన్నీరు, వాంతి, విరేచనం అన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. చివరకు ఊపిరి ఆడదు. అంటే బాబాయి కక్కటం విషం బయటికి పోతున్న గుర్తు కాదు, లోపల పనిచేస్తున్న గుర్తు. పైగా మగతలో ఉన్నవాడి నోట్లో ఉప్పునీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. ఎక్కువ ఉప్పు రక్తంలోకి చేరితే అదే ఒక విషం. బాబాయి వారం రోజులు మంచంమీద ఉండి బతికి బయటపడ్డాడు. మా ఇంటి అదృష్టం. ఆ రెండు గంటలు ఇంకో గంట సాగివుంటే ఈ వ్యాసం వేరేగా ఉండేది.

కప్ప జిగురు సంగతీ ఇంతే. అదీ చర్మంలోంచే రక్తంలోకి పోతుంది. కాల్చి పైపొర తీసేది అందుకే. పొట్టలో లేని విషాన్ని తానే తెచ్చి, తానే కక్కించి, కక్కిందే విషమని చూపిస్తుంది. అగ్గిపెట్టినవాడే నీళ్ళబిందె పట్టుకొచ్చి మెప్పు పొందినట్టు!

అడవిలో ఉన్నంతవరకూ దానికొక కట్టుబాటు ఉంది. వేసేవాడు అనుభవమున్న వేటగాడు, వేయించుకునేవాడు ఎక్కువగా కండగల పడుచువాడు, ఎన్ని చుక్కలో ఏ సమయమో తెగకు తెలుసు. అయినా అది ప్రమాదం లేనిదని చెప్పలేం. ఒక కప్ప జిగురులో ఉన్న మోతాదు ఇంకో కప్ప జిగురులో ఉండాలని ఏముంది? ఇక ఈ ముప్ఫై ఏళ్ళలో అది పట్టణాలకెక్కి, అమెరికా, యూరపు, ఆస్ట్రేలియా దేశాలకు పాకింది. ఒంట్లోని మలినాలు పోతాయనీ, దిగులూ వ్యసనాలూ పోతాయనీ చెప్పి, డబ్బు తీసుకొని వేస్తున్నారు. మనుషుల మీద పద్ధతి ప్రకారం జరిపిన పరీక్షల్లో ఇది ఏ రోగాన్నీ కుదిర్చినట్టు రుజువు కాలేదు. నష్టాలు మాత్రం వైద్య పత్రికల్లోకి ఎక్కాయి.

వాటిలో మొదటిది నీళ్ళ వల్ల వచ్చే ప్రమాదం. కక్కటానికి వీలుగా లీటర్ల కొద్దీ నీళ్ళు తాగిస్తారు. మన రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్‌ల మధ్య ఉండాలి. ఒకవైపు వాంతులు, మరోవైపు మంచినీళ్ళ వరద. సోడియం పలచబడి మెదడు వాస్తుంది, మతి తప్పుతుంది, ఫిట్లు వస్తాయి. మా ఇంట్లో ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, వాళ్ళకు ఉప్పు తక్కువై ప్రమాదం. రెండూ ఒకే నమ్మకం పుట్టించినవి. గుండెజబ్బు ఉన్నవాళ్ళకు, మూర్ఛ ఉన్నవాళ్ళకు, గర్భిణులకు ముప్పు మరీ ఎక్కువ. 2018లో ఇటలీ వైద్యులు 42 ఏళ్ళ ఒక మనిషి హఠాన్మరణాన్ని పరిశీలించి, శవం దగ్గర కాంబో పుల్లలూ, అతని రక్తంలో ఈ కప్ప పెప్టైడులూ కనబడ్డాయని ప్రకటించారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 2019లో ఒక స్త్రీ కాంబో వేసుకున్న కొద్దిసేపటికే చనిపోయింది. 2021 అక్టోబరులో అదే రాష్ట్రంలో ఒక శిబిరంలో మరొకతనికి కక్కీ కక్కీ అన్నవాహికకు చిల్లుపడింది. గంటల తరబడి బాధపడ్డాడు. అంబులెన్సుకు కబురు ఆలస్యంగా వెళ్ళింది. ఆ వార్త చదువుతుంటే మా వాకిట్లో లోటా పట్టుకొని నిలబడ్డవాళ్ళే నా కళ్ళముందు కనబడ్డారు. 2024 డిసెంబరులో మెక్సికోలోని డురాంగో రాష్ట్రంలో ఒక నటి కాంబో వేయించుకొని ప్రాణాలు కోల్పోయింది. బ్రెజిల్ ప్రభుత్వం 2004లోనే దీన్ని వైద్యమని ప్రచారం చెయ్యటాన్ని నిషేధించింది. ఆస్ట్రేలియా 2021లో దీన్ని అత్యంత ప్రమాదకరమైన విషాల పట్టికలో చేర్చింది.

ఇదంతా చదివి, ఆ అడవి మనుషుల్ని చూసి నవ్వేవాళ్ళు ఉండవచ్చు. నేను నవ్వను. ఈ జిగురులో శరీరాన్ని కుదిపే శక్తి ఉందని ప్రయోగశాల లేకుండా కనిపెట్టింది వాళ్ళు. ఆ ఆచారం వెంటపడి పోయిన శాస్త్రజ్ఞులకే 1992లో ఎడెనోరెగ్యులిన్ అనే కొత్త పెప్టైడు దొరికింది. ఈ కప్పల పెప్టైడుల్లో గాజుగొట్టంలో సూక్ష్మజీవులను చంపేవీ ఉన్నాయి. ఆస్ట్రేలియా పచ్చకప్పలో దొరికిన సెరులీన్‌ను కృత్రిమంగా తయారుచేసి, తూచిన మోతాదులో, పిత్తాశయ పరీక్షలకు వాడారు. కప్ప వేరు, గుణం అదే. తేడా తూకంలో ఉంది, పరీక్షలో ఉంది, పక్కన డాక్టరు ఉండటంలో ఉంది. 2003లో కటుకినా ప్రజలు తమ విద్యను పైవాళ్ళు అమ్ముకుంటున్నారని బ్రెజిల్ పర్యావరణ శాఖకు మొరపెట్టుకున్నారు. వాళ్ళ బాధ మనకు తెలియనిది కాదు. పసుపు గాయాలను మాన్పుతుందని మన ఇళ్ళలో ప్రతి అమ్మకూ తెలుసు. దానిమీద 1995లో అమెరికాలో పేటెంటు ఇస్తే, మన శాస్త్ర పరిశోధనా మండలి పోరాడి 1997లో రద్దు చేయించింది. పెద్దల విద్యను గౌరవించటమంటే కళ్ళు మూసుకొని నెత్తిన పెట్టుకోవటమూ కాదు, ఎత్తుకుపోయి అంగడిలో పెట్టటమూ కాదు. పరీక్షించి, నిలిచినదాన్ని నిలుపుకోవటం, నిలవనిదాన్ని మర్యాదగా పక్కన పెట్టటం.

మా నాయనమ్మతో నేను ఈ విషయం మాట్లాడాను. కప్పనుంచి మొదలుపెట్టి కంటిపాపదాకా చెప్పాను. ఆమె అంతా విని, "అయితే పసరు మంచిదేనంటావు!" అంది. "మంచిదే నాయనమ్మా, లోపలుంటేనే మంచిది" అన్నాను. ఆమె నవ్వి, "మరి ఈసారి ఎవరికన్నా అట్టా అయితే ఏం చెయ్యమంటావు?" అని అడిగింది. చదువుకున్న మనుమడికి ఇంతకన్న మంచి ప్రశ్న ఎవరు వేస్తారు? ఆమెకు చెప్పిందే మిత్రులకూ చెబుతున్నాను. మనలో సగంమంది సేద్యపు ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళమే గనుక ఇది మన పని.

పురుగుమందు ఒంటికి తగిలి మనిషి తూలితే, ముందు అతన్ని మందు వాసన లేని చోటికి తీసుకురండి. బట్టలు విప్పి, ఒళ్ళూ తలా సబ్బుతో, ధారాళమైన నీళ్ళతో కడగండి. కడిగేవాళ్ళు చేతులకు ఏదన్నా తొడుక్కోండి. తాగినా సరే, తగిలినా సరే, వేలు పెట్టి గాని ఉప్పునీళ్ళు పోసి గాని కక్కించవద్దు. తనంతట తాను కక్కుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోను చేయండి. మందు డబ్బా, దానిమీది చీటీతో సహా, వెంట తీసుకుపోండి. డాక్టరుకు అదే సగం జవాబు. కక్కిన తర్వాత తేరుకున్నట్టు కనబడ్డా ఆసుపత్రికి తీసుకుపోవటం మానవద్దు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊళ్ళో పదిమంది చేరిన చోట, రచ్చబండ దగ్గరైనా సరే, బావి దగ్గరైనా సరే, ఈ నాలుగు మాటలు చెప్పండి. డిగ్రీ పట్టా వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మిరపతోటకు మందు కొట్టే రోజులు అంతకంటే ముందే వస్తాయి.